చూడని రాళ్లకుప్ప

కడప,
20 ఫిబ్రవరి 2023

ప్రియమైన ఓబుళేశుకు,

ఫోను చేద్దామనే అనుకున్నాను. ఎడమ చెవి పోయినేడే పనిచేయడం మానేసింది. కుడి చెవికి మిషను పెట్టుకుంటే అవతలి మనిషి మాట కంటే వీధిలో ఆటోల హోరే ఎక్కువ వినిపిస్తుంది. అందుకే పాత పద్ధతి. పోస్టాఫీసులో ఇన్‌లాండు కవరు అడిగితే కౌంటరులో ఉన్న అమ్మాయి లోపలికి వెళ్లి చాలాసేపు వెతికి తెచ్చింది. నీకు ఉత్తరం రాసి ఇరవై ఏళ్లయి ఉంటుంది.

మిషన్ స్కూల్లో రిటైరైనప్పటి నుంచి నేను గురువారం గురువారం సెంట్రల్ జైలుకు వెళ్తున్న సంగతి నీకు తెలుసు. చదువు రాని ఖైదీలకు అక్షరాలు దిద్దిస్తాను. అడిగినవాళ్లతో ప్రార్థన చేస్తాను. ఈమధ్య నా దగ్గర ఒకతను కూర్చుంటున్నాడు. పేరు యేసుప్రసాద్, ముప్పై నాలుగేళ్లు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు దాన్ని ఖాయం చేస్తే గాని అమలు కాదు. అక్కడ ఇంకా విచారణకు రాలేదు. ఊరు జమ్మలమడుగు అవతల దొడ్లవంక. నువ్వు వీఆర్వోగా తొమ్మిదేళ్లు పనిచేసిన ఊరే.

కేసు నీకు గుర్తుండే ఉంటుంది. 2015 ఫిబ్రవరిలో, చీనీతోటలో ఇల్లు కట్టుకుని ఉంటున్న నాగజ్యోతినీ, ఆమె ఇద్దరు పిల్లల్నీ కొడవలితో నరికి చంపారు. యేసుప్రసాద్ ఆ తోటకు నీళ్లు కట్టేవాడు. వారం ముందు పనిలో నుంచి తీసేశారని, ఆ కక్షతో చంపాడని కేసు. తాను చంపలేదంటాడు. జైల్లో ఆ మాట అననివాడు ఉండడు, నాకు తెలుసు. కాని ఇతను వాదించడు. పోయిన వారం గుణింతాలు రాసి పలక నా ముందు పెట్టి, "సార్, తీర్పు కాగితం నేనే సదువుకోవల్ల. ఇంకా ఎన్ని నెల్లు పడతాది?" అని అడిగాడు.

తీర్పు ఇంగ్లీషులో ఉంటుందని నేను చెప్పలేకపోయాను.

ఆ ఊరి సంగతులు నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. ఈ కేసు గురించి నీకు తెలిసినదేమైనా ఉంటే రాయి.

నీ
దావీదురాజు

*

కర్నూలు,
6 మార్చి 2023

రాజూ,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా నల్లబల్ల మీద రాసినట్టే ఉన్నాయి, వెనక బెంచీవాడికి కూడా కనిపించేలా.

నేను బాగున్నానా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. పొద్దున రెండు పేపర్లు చదివి ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతాను. దిద్దిన పేపర్లు చూసేవాడు లేడు, అయినా దిద్దుతాను. సభలకు పోవడం మానేశాను. కిందటి నెల ఇక్కడి రచయితల సంఘం ఒకాయనకు శాలువా కప్పింది. ఎవరికో తెలుసా, 1983లో నా వ్యాసాన్ని సగానికి కోసిన ఆ సంపాదకుడికి. ఉరిశిక్ష రద్దు కావాలని నేను రాసిన వ్యాసం నీకు గుర్తుంటుంది. మన అద్దె గదిలో నువ్వే సాపు రాసిపెట్టావు. పదహారు పేజీలు. అసలు వాదమంతా చివరి ఎనిమిది పేజీల్లో ఉంది. సాక్షి పొరబడతాడు, పోలీసు తొందరపడతాడు, జడ్జి వాళ్లిద్దరినీ నమ్మాలి, చచ్చినవాడికి అప్పీలు లేదు. ఆ మహానుభావుడు ఆ ఎనిమిది పేజీలు తీసేసి, నా దయాగుణం ఒక్కటీ మిగిల్చి అచ్చేశాడు. చదివినవాళ్లు నన్ను మెత్తటివాడన్నారు. నలభై ఏళ్లయింది, ఇంకా మండుతూనే ఉంది.

ఆ తర్వాత ఈ విషయం మీద పద్నాలుగు పుస్తకాలు కొన్నాను, చదివాను. ఈ జిల్లాలో ఉరి గురించి నాకంటే ఎక్కువ చదివినవాడుంటే చూపించు.

ఇక దొడ్లవంక. పేపర్లవాళ్లు 'నరరూప రాక్షసుడు' అని రాశారు, అది చెత్త రాత. కాని కోర్టు ఆరేళ్లు విచారించింది. ఇరవై రెండు మంది సాక్షులు చెప్పారు. నేను ఆ ఊళ్లో పట్టాలు, కుల ధ్రువపత్రాలు రాసుకునేవాణ్ణి. హత్యలు నా శాఖ కాదు. పైగా ఆ రోజుల్లో నేను ఎలాంటి తాసిల్దారు కింద ఉన్నానో నీకు తెలుసు. ఒక పూట కనిపించకపోతే మెమో. రెండో మెమో వచ్చి నా బల్ల మీదే ఉంది. మూడోది వస్తే సస్పెన్షను, రిటైర్మెంటుకు ఏడాది ముందు. అలాంటి మనిషి కింద పనిచేసేవాడికి ఊళ్లో ఎవరు ఎవర్ని చంపారో తెలుసుకునే తీరిక ఉండదు.

నీ జాలి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. దాన్ని అక్షరాల వరకు ఉంచు. కేసు జోలికి పోవద్దు.

ఓబుళేశు

*

కడప,
12 ఏప్రిల్ 2023

ఓబుళేశూ,

తీర్పు తెప్పించాను. హైకోర్టులో అతని తరఫున ఉచిత న్యాయ సహాయం కింద వాదిస్తున్న లాయరు స్వర్ణలత పంపింది. నూట పన్నెండు పేజీలు. గురువారాల్లో కొంచెం కొంచెం తెలుగులో అతనికి చెబుతున్నాను.

ఇరవై రెండు మంది సాక్షులన్నావు. అందులో ఇరవై మంది శవాల గురించీ కాగితాల గురించీ చెప్పినవాళ్లే. అతన్ని ఆ హత్యలతో కలిపేవి రెండే. ఒకటి, ఆ సాయంత్రం తోట దారిలో అతను నడుస్తుంటే చూశానని ఒక గొర్రెల కాపరి చెప్పిన మాట. ఆ దారి అతని ఇంటికి పోయే దారి కూడా. రెండు, కొడవలి. అతనే పోలీసులనూ మధ్యవర్తులనూ ఊరి బయట నాపరాళ్ల కుప్ప దగ్గరికి తీసుకుపోయి, రాళ్ల కింద నుంచి కొడవలి, రక్తం మరకల చొక్కా తీసి ఇచ్చాడని పంచనామా. తేదీ 2015 ఫిబ్రవరి 12. సమయం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు. అది తాము చూశామని సంతకం పెట్టిన మధ్యవర్తులు ఇద్దరు. ఒకరు తలారి నాగన్న, విచారణకు ముందే చనిపోయాడు. రెండో ఆయన తొమ్మిదో సాక్షిగా బోనెక్కాడు.

డెబ్బై ఒకటో పేజీలో జడ్జి ఇలా రాశారు: "తొమ్మిదో సాక్షి బాధ్యత గల ప్రభుత్వోద్యోగి. ముద్దాయితో ఆయనకు పగ లేదు. అబద్ధం చెప్పవలసిన అవసరం ఆయనకు కనిపించదు." ముద్దాయి తరఫు లాయరు ఆ రోజు మీరు అక్కడ లేరని అడిగితే ఆ సాక్షి ఇచ్చిన జవాబు కూడా ఉంది: "నేను అక్కడ లేను అనడం నిజం కాదు."

ఆ సాక్షి పేరు నీది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు నువ్వు నంద్యాల దగ్గర మా అత్తగారి ఊళ్లో, సమాధుల దొడ్లో నా పక్కన ఉన్నావు. నా భార్యను సమాధి చేసిన రోజది. జ్ఞానమణి పెట్టెకు ముందువైపు కుడి పిడి నువ్వే పట్టుకున్నావు. నేను గుంటలో మట్టి వేశాక నీ తువ్వాలుతో నా చేతులు తుడిచావు.

మార్చిలో రాసిన ఉత్తరంలో నలభై ఏళ్ల కిందటి సంపాదకుణ్ణి కూడా వదల్లేదు. ఇది మాత్రం రాయలేదు.

దావీదురాజు

*

కర్నూలు,
25 ఏప్రిల్ 2023

రాజూ,

అయితే నువ్వు ఫిబ్రవరిలో రాసింది ఉత్తరం కాదు, నోటీసు.

తెలుసుకోవాలనుంది కదా, తెలుసుకో. మధ్యవర్తి అంటే ఏమిటో నీ స్కూలు పుస్తకాల్లో ఉండదు. పోలీసులు ఏదైనా స్వాధీనం చేసుకుంటే పక్కన ఇద్దరు బయటివాళ్లు ఉండి చూడాలి. ఊరివాళ్లను పెట్టుకుంటే కోర్టులో మాట మారుస్తారు. వీఆర్వో మార్చడు, ఉద్యోగం భయం. అందుకని ఎక్కడ శవం లేచినా, కత్తి దొరికినా మాకే కబురు. తొమ్మిదేళ్లలో నలభై పంచనామాల మీద సంతకం చేశాను. కళ్లతో చూసినవి పది ఉంటే గొప్ప. మిగతావి స్టేషన్లో బల్ల మీద రాసి ఉంచుతారు, పోయి సంతకం చేసి టీ తాగి వస్తాం. జిల్లాలో ప్రతి వీఆర్వో చేసిందే. ప్రతి తాసిల్దారుకు తెలిసిందే. ఏ జడ్జికీ తెలియదని నన్ను నమ్మమంటావా?

నీ ఇంట్లో చావు కబురు పొద్దున ఆరింటికి వచ్చింది. సెలవు అడిగితే తాసిల్దారు ఇవ్వడని చెప్పకుండానే బస్సెక్కాను. మర్నాడు పదమూడున ఆఫీసు తలుపు తీయగానే కానిస్టేబుల్ వచ్చి పిలుచుకుపోయాడు. బల్ల మీద పేపరులో చుట్టిన కొడవలి, పక్కన రాసి పెట్టిన పంచనామా. తేదీ పన్నెండు. నేను నిన్న లేను కదా సార్ అన్నాను. అన్నాను రాజూ, ఆ ఒక్క మాట అన్నాను. ఎస్సై నవ్వి, "నీకోసమే వచ్చినాము. ఆఫీసుకు తాళం ఏసుండె. యాడికి పోయినావని మేము అడగము లేప్పా. ఈ కాగితం ప్రకారం నిన్న నువ్వు మాతోనే ఉంటివి గదా" అన్నాడు.

అర్థమైందా? ఆ కాగితం నా హాజరు. దాని మీద సంతకం చేస్తే పన్నెండో తేదీ నేను డ్యూటీలో ఉన్నట్టు. మూడో మెమో రాదు. ఆయన నాకు మేలు చేశాడనుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

వాడే చంపాడని ఊరంతా అంటోంది. పిల్లల శవాలు నేను చూశాను. దోషి మీద ఒక కాగితం ఎక్కువైతే ఏం పోయింది అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత బోనెక్కించి, ఆ కుప్ప ఎలా ఉందో చెప్పమన్నారు. చెప్పాను. రెండు నిలువుల ఎత్తు, తూర్పున ఒక వేపచెట్టు, దాని నీడ పడే చోట రాళ్ల కింద కొడవలి. ఎంత బాగా చెప్పానంటే ఇప్పుడు నాకది నిజంగానే కనిపిస్తుంది. కూర కోస్తుంటే కనిపిస్తుంది. పుస్తకం తెరిస్తే పేజీ వెనక కనిపిస్తుంది. జీవితంలో ఎన్నో చూశాను, వాటిలో సగం మర్చిపోయాను. ఎన్నడూ చూడని ఆ కుప్పను మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

జ్ఞానమణి ఇంకొక్క రోజు బతికి ఉంటే నేను పన్నెండున ఊళ్లోనే ఉండేవాణ్ణి. ఈ మాట రాయకూడదు. రాశాను. నేను వచ్చింది నీ కోసం. దానికి ఈ వయసులో నువ్వు నన్ను జైలుకు పంపదలచుకుంటే ఆ లాయరమ్మకు చెప్పుకో.

ఇక నాకు రాయకు.

ఓబుళేశు

*

కడప,
3 జులై 2023

ఓబుళేశూ,

రాయవద్దన్నావు. రెండు నెలలు రాయలేదు. నీ ఉత్తరాన్ని లాయరుకు కూడా చూపలేదు.

నువ్వు దాచింది నువ్వు చెప్పావు. నేను దాచింది ఇప్పుడు చెబుతాను.

ఫిబ్రవరిలో ఏమీ తెలియనట్టు నిన్ను అడిగాను. అది అబద్ధం. తీర్పు చెప్పిన మర్నాడు, 2021 సెప్టెంబరులో, పేపర్లో పెద్ద వార్త వచ్చింది. రిటైర్డ్ వీఆర్వో సాక్ష్యం కీలకమైందని రాసి నీ పేరు వేశారు. కొడవలి దొరికిన తేదీ వేశారు. ఆ తేదీ మా ఇంట్లో జ్ఞానమణి ఫోటో కింద ఉంది. నేను టీ తాగుతూ వార్త చదివాను, తల ఎత్తి ఫోటో చూశాను, పేపరు మడిచి పక్కన పెట్టాను. నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసింది.

పదహారు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా బంధువుల్లో సగం మంది రాలేదు. నువ్వు సెలవు లేకుండా వచ్చావు. నీ మీద నేను ఎలా చెబుతాను అనుకున్నాను. అదే స్నేహమని సర్దిచెప్పుకున్నాను. ఆదివారం చర్చిలో పెద్దల బల్ల మీద కూర్చుని అబద్ధ సాక్ష్యం పలకకూడదని పిల్లలకు చెప్పేవాణ్ణి. చెబుతూ ఉంటే నా గొంతు నాకే వినిపించేది కాదు, అప్పటికి చెవులు బాగానే ఉన్నాయి.

జైల్లో నా గురువారం తరగతికి అతన్ని పంపమని సూపరింటెండెంటును అడిగింది నేనే. దూరం నుంచి చూస్తే చాలనుకున్నాను. దోషిలా కనిపిస్తాడేమో, మనసు కుదుటపడుతుందేమో అని ఆశపడ్డాను. అతను ఎలా కనిపిస్తాడో చెప్పలేను. పలక తుడిచేటప్పుడు అంచుల దాకా శుభ్రంగా తుడుస్తాడు. దాన్నిబట్టి మనిషి చంపాడో లేదో తెలియదు. ఎవరు చంపారో నాకు తెలియదు, నీకూ తెలియదు. కొడవలి ఆ కుప్పలో నుంచి నీ కళ్ల ముందు రాలేదని మాత్రం మనిద్దరికీ తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి చెప్పగలవాళ్లం మనమిద్దరమే.

సమాధి దగ్గర తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. పెట్టె, నువ్వు, నేను. ఆగస్టు దాకా చూస్తాను. ఆ తర్వాత నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది స్వర్ణలతకు ఇస్తాను. ఉరి ఖాయమయ్యాక ఫోటో ఎందుకూ పనికిరాదు.

జ్ఞానమణి గురించి నువ్వు రాసిన వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. అది నీకంటే ముందు నేను అనుకున్నదే.

దావీదురాజు

*

కర్నూలు,
21 ఆగస్టు 2023

రాజూ,

శనివారం దొడ్లవంక పోయి వచ్చాను.

ఎందుకు పోయానో అడక్కు. కుప్ప చూడాలనిపించింది. చూస్తే పీడ వదులుతుందేమో అనుకున్నాను. జమ్మలమడుగులో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారిలో అంతా నాపరాళ్ల గనులే, రాతిపొడికి తుమ్మచెట్లు కూడా తెల్లబారిపోయాయి. గండికోటకు పోయే కార్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

కుప్ప దగ్గర ఒక ముసలామె రాళ్లు వరసగా పేరుస్తోంది. విశ్వాసమ్మ. యేసుప్రసాద్ తల్లి. నేను తల తిప్పుకునే లోపే, "రెవెన్యూ సారు గదా మీరు. జుట్టంతా తెల్లబడిపాయె" అంది. తిట్టలేదు, పని ఆపలేదు. కుప్ప చూడ్డానికొచ్చానన్నాను. చూడమని చేత్తో చూపించింది.

రాజూ, అది నా నడుము దాకా కూడా లేదు. వేపచెట్టు లేదు. ఎప్పుడైనా ఉందా అని అడిగాను. ఈ నేలలో రాయి కింద రాయి తప్ప ఏమీ లేదని, చెట్టు ఎట్లా లేస్తుందని ఆమె నవ్వింది. కోర్టులో లేని చెట్టుకు నీడ కూడా వేశాను. ఒక్కరూ అడ్డం చెప్పలేదు. ఆ చెట్టు లేదని తెలిసినవాళ్లు ఈమె, ఈమె కొడుకు. వాళ్ల మాట ఎవరు వింటారు.

తర్వాత తనే చెప్పింది. నేను కదిలించలేదు.

"ఆ పొద్దు నేనూ ఇంకా నలుగురు ఆడోళ్లమూ ఈడనే లారీకి రాళ్లు ఎత్తుతాంటిమి. పొద్దున్నించి మాపు దాంక. పోలీసోళ్లు రాలే. నా కొడుకు రాలే. మీరూ రాలే."

కోర్టులో చెప్పావా అని అడిగాను. చెప్పిందట. తల్లి కాబట్టి కొడుకు వైపే చెబుతుందని రాసుకున్నారట. మిగతా నలుగురి సంగతి అడిగితే, వాళ్లు ఆ చీనీతోట వాళ్ల పొలాల్లోనే కూలికి పోవాలి గదా అంది. ఆ తర్వాత ఇంకో రాయి ఎత్తి పెట్టి, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు, "మీరేమో ఆఫీసరు. వాడు మీకు కొడుకు గాడు, ఏమీ గాడు. అందుకే మీ మాట నిజమాయె" అంది.

డెబ్బై ఒకటో పేజీలో జడ్జి రాసిందీ ఇదే. నేను చదివిన పద్నాలుగు పుస్తకాల్లో కూడా ఇదే ఉంది, ఇంత పొట్టిగా లేదు.

నేను రాలేదమ్మా అన్నాను. ఆ రోజు నేను ఈ ఊళ్లోనే లేను, స్టేషన్లో సంతకం చేశాను అన్నాను.  ఆమె చేతులు ఆగాయి. చేతిలోని రాయి కింద పెట్టింది.

"ఆ మాట నాకు గాదు సార్ చెప్పాల్సింది."

అంతే. మళ్లీ రాళ్లు పేర్చడం మొదలుపెట్టింది.

స్వర్ణలత నంబరు పంపు. ఫోటో కూడా ఇచ్చెయ్. అఫిడవిట్ నేనే రాస్తాను. లాయర్ల భాష నాకు నచ్చదు, ఒక్క అక్షరం కొయ్యనివ్వను.

ఓబుళేశు

*

కర్నూలు,
9 డిసెంబరు 2024

రాజూ,

హైకోర్టు తీర్పు నీకూ అంది ఉంటుంది. నేను రెండోసారి, నువ్వు మొదటిసారి బోనెక్కి ఏడాది కావస్తోంది. నువ్వు మిషను పెట్టుకున్న చెవి మీద చెయ్యి ఉంచుకుని ఒక్కో ప్రశ్నా రెండుసార్లు అడిగించుకున్న తీరు నా కళ్ల ముందే ఉంది. ప్రభుత్వ లాయరు ఫోటో పట్టుకుని, తేదీ ఎప్పుడైనా వేసుకోవచ్చు కదా అన్నప్పుడు నువ్వు కోప్పడి ఉంటే బాగుండేది. నీకు కోపం రాదు, అదీ నీ జబ్బు.

ఉరిశిక్ష రద్దు చేశారు. జీవితఖైదు ఉంచారు, బతికినంతకాలం. కారణం చదివావా? ప్రమాణం చేసి ఒకసారి అబద్ధం చెప్పానని ఒప్పుకునేవాడు, ఏ సారి చెప్పింది అబద్ధమో ఈ కోర్టు తేల్చలేదట. అనుమానం ఉంది కాబట్టి ఉరి తగదట, విడుదలకు ఆ అనుమానం చాలదట. నా అబద్ధాన్ని నమ్మడానికి కింది కోర్టుకు మూడు వాక్యాలు పట్టాయి. నా నిజాన్ని నమ్మకపోవడానికి వీళ్లు పందొమ్మిది పేజీలు రాశారు. పోనీ, మెడ మిగిలింది. నువ్వు ప్రార్థనలో దానికి స్తోత్రం చెప్పి ఉంటావు. నాకు చేతకాదు. తప్పు చేయనివాణ్ణి చావు దాకా ఆ గోడల్లో ఉంచడమంటే ఉరిని రోజుకు కొంచెం వేయడమే.

తప్పుడు సాక్ష్యమిచ్చినందుకు నా మీద కేసు పెట్టమని కూడా ఆదేశించారు. పెట్టారు. సమన్లు వచ్చాయి.

మా చెల్లెలి కొడుకు భూపేష్ ఇక్కడ ప్లీడరు. పరుగెత్తుకుంటూ వచ్చాడు. "గుర్తు లేదు అను మామా. అరవై తొమ్మిదేండ్లు. మతిమరుపని డాక్టరు కాగితం నేను తెస్తా. జడ్జి ఒక్క వాయిదాకే ఇంటికి పంపిస్తాడు" అన్నాడు. వాడు మంచి ప్లీడరు. వాడి సలహా పనిచేస్తుంది. పింఛను పోదు, నా పుస్తకాల మధ్యే చస్తాను.

స్వర్ణలతను అడిగాను. ఆమె మెత్తగా చెప్పదు, అందుకే ఆమె అంటే నాకు గౌరవం. సుప్రీంకోర్టులో అప్పీలు వేస్తోంది. నాకు మతిమరుపని తేలితే నా అఫిడవిట్ కూడా మతిమరుపే, యేసుప్రసాద్ చేతిలో ఏమీ మిగలదు. 2019లో నేను చెప్పింది అబద్ధమని ఒక కోర్టు తేల్చి నన్ను దోషి అంటే, ఆ తీర్పును అప్పీలుకు జతచేయవచ్చు. అది ఉంటే గెలుస్తామని చెప్పలేను, అది లేకపోతే ఓడిపోతామని చెప్పగలను అంది.

కాబట్టి నాకు శిక్ష పడాలి రాజూ. నేను దోషినని స్టాంపు వేసి ఇవ్వాలి. జీవితమంతా నన్ను ఎవరూ సరిగా గుర్తించలేదని ఏడ్చినవాణ్ణి, ఇప్పుడు ఈ ఒక్క గుర్తింపు కోసం తిరుగుతున్నాను. భయం లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఏడేళ్లు వేయవచ్చునట, అంతకు మించి కూడా. రెండుసార్లు భూపేష్‌కు ఫోను చేసి కాగితం తెమ్మందామని నంబరు నొక్కి ఆపాను.

ఒక సంగతి అడగాలి. శిక్ష పడితే కడప జైలుకే పంపుతారట. అతను ఉన్న చోటికే. ఇంతవరకూ అతని మొహం నేను సరిగా చూడలేదు. స్టేషన్లో లాకప్ వైపు తల తిప్పలేదు. కోర్టులో గుర్తుపట్టమంటే వేలు చూపించి పక్కకు చూశాను. అతని ముందు నిలబడి చెప్పుకోవాలి. నాకింక వేరే కోరిక లేదు. గురువారం నువ్వు అడిగి రాయి.

ఓబుళేశు

*

కడప,
17 జనవరి 2025

ఓబుళేశూ,

మూడు గురువారాలు అడగకుండా తిరిగొచ్చాను. నిన్న అడిగాను.

అతను ఇప్పుడు పేపరు కూడబలుక్కుని చదువుతాడు. చదువుతున్నది పక్కన పెట్టి, నీకు ఎన్నేళ్లు పడవచ్చునని అడిగాడు. చెప్పాను. పింఛను పోతుందా అని అడిగాడు. పోవచ్చునన్నాను. తల ఊపాడు. నీ మీద నింద లేదని చెప్పమంటాడేమోనని నేను లోపల ఎదురుచూశాను. నాకూ ఆ ఆశ ఉంది, నీ ఒక్కడికే కాదు.

అతను అన్న మాట అన్నట్టే రాస్తున్నాను. రాయకుండా ఉందామనుకున్నాను. మనం దాచింది చాలు.

"మనిషిని చంపేటోన్ని గాను నేను, పదేండ్ల నుంచి అదే చెప్తాండా సార్. జడ్జిలకు చెప్పినా, మీకు చెప్పినా, రోజూ నాకు నేను చెప్పుకుంటాండా. ఆయప్పను నా ముందరికి తేవద్దండి. చూసినాక ఆ మాట మీద నాకే నమ్మకం పోతాదేమో."

ఆ తర్వాత మళ్లీ పేపరు తీసుకున్నాడు. గంట కొట్టే దాకా చదివాడు.

నువ్వు డాక్టరు కాగితం తీసుకున్నా నేను నిన్ను తప్పుపట్టను. తప్పుపట్టే అర్హత నాకు లేదు.

నీ
దావీదురాజు

*

కర్నూలు,
6 ఫిబ్రవరి 2025

రాజూ,

భూపేష్ అడగకుండానే డాక్టరు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి పోయాడు. నన్ను ఒక్కసారి కూడా చూడని డాక్టరు నాకు ఎనిమిదేళ్లుగా మతిమరుపు ఉందని సంతకం చేశాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. వెనక వైపు తెల్లగా ఉంది. ఈ ఉత్తరం దాని మీదే రాస్తున్నాను, ఇంక అది కోర్టుకు పనికిరాదు.

యేసుప్రసాద్ అన్నది సబబు. అతని దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే. దాని మీదికి నేను పోకూడదు. నా మనసు తేలిక కావడం కోసం ఇంకోసారి అతని జీవితంలోకి సంతకం పెట్టడానికి బయల్దేరాను చూడు.

సోమవారం వాయిదా. నేరం చేశావా అని అడుగుతారు. చేశానంటాను. తేదీ, సమయం, ఎక్కడ ఉన్నానో, ఏ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టానో వరసగా చెబుతాను. వేపచెట్టు సంగతి కూడా చెబుతాను. శిక్ష విషయంలో ఏమైనా మనవి ఉందా అని అడుగుతారట. వయసు చెప్పుకోమని, గుండెజబ్బు చెప్పుకోమని భూపేష్ రాసి ఇచ్చాడు.

ఒక్కటే అడుగుతాను. నెల్లూరైనా సరే, రాజమండ్రి అయినా సరే, నన్ను కడప జైలుకు మాత్రం పంపవద్దని. నువ్వు కూడా నన్ను చూడటానికి రావద్దు. అంత దూరం పోయి వస్తే నీకు గురువారం తప్పిపోతుంది.

ఓబుళేశు